పరుగెత్తే పాదాలు: వేళ్ళ మొదళ్ళలో వచ్చే నొప్పి

వ్యాయామం ఆరోగ్యానికి మంచిదని చెప్పడానికి ఈ రోజుల్లో వైద్యుడు అవసరం లేదు. ఆ మాట అందరికీ తెలుసు. వ్యాయామం చేసేవారికి పాదం నొప్పి పెట్టినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు మాత్రం మన సమాజంలో రెండే జవాబులు వినిపిస్తున్నాయి. ‘మానేయండి’ అన్నది ఒకటి, ‘ఓర్చుకొని పరుగెత్తండి’ అన్నది రెండవది. ఈ రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఎందుకు తప్పో వివరించడానికే ఈ వ్యాసం.

ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగరకలాన్ గ్రామం పేరు మీరు వినే ఉంటారు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా సమీకృత కలెక్టరేటు భవనం అక్కడ ప్రారంభమైంది. 2023 మే 15న ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారానికి అక్కడే శంకుస్థాపన జరిగింది. ఔటర్ రింగు రోడ్డు పక్కనే ఉంది. ఒకప్పుడు మట్టి బాటలు, చెరువు కట్టలు, పొలాల గట్లు ఉన్నచోట ఇప్పుడు వెడల్పైన తారు రోడ్లు, సిమెంటు రోడ్లు పరచుకున్నాయి. తెల్లవారుజామున ఆ వైపు వెళ్ళేవారికి రెండు రకాల మనుషులు కనిపిస్తారు. పోలీసు, సైనిక ఉద్యోగాల కోసం పరుగెత్తే యువతీయువకులు ఒక రకం. చక్కెర వ్యాధినో రక్తపోటునో అదుపులో పెట్టుకోవడానికి నడిచే పెద్దవారు రెండవ రకం. ఈ రెండు వర్గాలవారూ వైద్యుని వద్దకు తెచ్చే ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం ఒకే మాటల్లో ఉంటుంది: “డాక్టరు గారూ, వేళ్ళ కింద గులకరాయి మీద నిలబడినట్లుంది.”

ఆ గులకరాయి ఏమిటో ముందు తెలుసుకుందాం.

మన పాదంలో 26 ఎముకలు ఉంటాయి. వాటిలో మడమ వైపు ఎముకలనూ వేళ్ళనూ కలిపే పొడవైన ఎముకలు ఐదు. వీటిని ప్రపదాస్థులు అంటారు. వైద్యులు మెటాటార్సల్స్ అని పిలుస్తారు. వీటి ముందు కొసలు అరికాలిలో వేళ్ళు మొదలయ్యే చోట నేలకు ఆనుకొని ఉంటాయి. బొటనవేలి మొదట కింద, శనగగింజలంత ఉండే మరో రెండు చిన్న ఎముకలు స్నాయువులో ఇమిడి ఉంటాయి. వీటన్నింటి కింద కొవ్వుతో ఏర్పడిన దిండు ఒకటి పరచి ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ మడమ లేచిన క్షణంలో శరీర భారమంతా ఈ కొసల మీదకు వస్తుంది. నడకలో ఆ భారం మన బరువు కంటే కొంచెమే ఎక్కువ. పరుగులో అది రెండు నుంచి మూడు రెట్లు అవుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. తెలంగాణ పోలీసు నియామకాలలో 2022 ప్రకటన ప్రకారం పురుషులు 1,600 మీటర్లు, స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తాలి. పురుషులకు ఇచ్చిన సమయం 7 నిమిషాల 15 సెకన్లు. ఆ వేగంతో పరుగెత్తే మనిషి సుమారు 1,200 అడుగులు వేస్తాడు. అంటే ఒక్కొక్క పాదం 600 సార్లు నేలను తాకుతుంది. 60 కిలోల బరువున్న యువకుని పాదం మీద ఒక్కొక్కసారి 150 కిలోల భారం పడుతుందనుకున్నా, ఒక్క పరుగులో ఒక్క పాదం మోసే మొత్తం 90 టన్నులు. రోజుకు మూడుసార్లు సాధన చేసేవారి సంగతి మీరే లెక్కించుకోండి. ఇంత భారాన్ని మోయగల శక్తి పాదానికి ఉంది. అయితే ఆ శక్తి ఒక్క వారంలో రాదు.

ఎముక రాయి వంటిది కాదు, అది సజీవమైన కణజాలం. భారం పడినప్పుడు కొంత అరిగి, విశ్రాంతిలో మునుపటి కంటే గట్టిగా తిరిగి కట్టుకుంటుంది. ఈ మరమ్మతు జరగడానికి వారాలు పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు మాత్రం అంతకంటే త్వరగా అలవాటు పడతాయి. అందువల్ల మూడు వారాల సాధన తరువాత యువకునికి ఆయాసం తగ్గి, ‘ఇంకా వేగంగా పరుగెత్తగలను’ అనిపిస్తుంది. సరిగ్గా అదే సమయంలో ఎముక బలహీనమైన దశలో ఉంటుంది. ఊపిరి ఇచ్చిన అనుమతిని పాదం ఇవ్వలేదని అతనికి తెలియదు.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెప్పదలచాను. 2022లో కానిస్టేబుల్ ప్రాథమిక పరీక్ష ఆగస్టులో జరిగింది, ఫలితాలు అక్టోబరులో వచ్చాయి, దేహదార్ఢ్య పరీక్షలు డిసెంబరు 8న మొదలయ్యాయి. చాలామంది అభ్యర్థులు ప్రాథమిక పరీక్ష ముగిసేవరకు పుస్తకాల ముందు కూర్చుంటారు. ఫలితం చేతికి వచ్చిన మరునాడు రోడ్డెక్కుతారు. మిగిలిన ఆరేడు వారాలలో సున్నా నుంచి 1,600 మీటర్ల వేగానికి చేరాలని ప్రయత్నిస్తారు. పాదం దృష్టితో చూస్తే ఇంతకంటే చెడ్డ పద్ధతి మరొకటి లేదు. ఇందులో అభ్యర్థి తప్పు కొంతే. డబ్బు తీసుకొని శిక్షణ ఇచ్చే కేంద్రాలు మొదటి రోజు నుంచే వారానికి మూడు రోజులు నెమ్మదైన పరుగును పాఠ్యాంశంగా ఎందుకు పెట్టవు? హాల్ టికెట్టుతో పాటు సాధన క్రమాన్ని వివరించే ఒక్క పేజీని అభ్యర్థులకు ఇవ్వడం నియామక సంస్థకు కష్టమా? ఖర్చు లేని ఈ పని చేస్తే, పరీక్షకు పది రోజుల ముందు కుంటుతూ వచ్చేవారి సంఖ్య తప్పక తగ్గుతుందని నా నమ్మకం.

ఈ సమస్య సైన్యాలకు కొత్త కాదు. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్, దూరపు కవాతుల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని వర్ణించాడు. అప్పటికి ఎక్స్-రే లేదు కనుక కారణం తెలియలేదు. ఎక్స్-రేలు వచ్చాక అది ప్రపదాస్థులలో వచ్చే సన్నని చీలిక అని తేలింది. దానికి ‘కవాతు విరుపు’ అన్న అర్థంలో మార్చ్ ఫ్రాక్చర్ అని పేరు వచ్చింది. నేడు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నాము. మన పి.వి. సింధు 2022లో ఎడమ కాలి స్ట్రెస్ ఫ్రాక్చర్ వల్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీల నుంచి తప్పుకోవలసి వచ్చింది. అంతటి క్రీడాకారిణి ఆగినప్పుడు, ఆగడాన్ని పిరికితనంగా భావించవలసిన పని మనకు లేదు.

అయితే వేళ్ళ మొదళ్ళలో నొప్పి అంతా ఎముక చీలిక కాదు. ఎక్కువమందిలో అది కేవలం భారం వల్ల కలిగిన తాపం. దీనిని మెటాటార్సాల్జియా అంటారు. ఇది రోగం పేరు కాదు, నొప్పి ఉన్న చోటు పేరు మాత్రమే. కారణాన్ని వేరే వెతకాలి. అందుకు మీరే ఇంట్లో కొంత పరీక్ష చేసుకోవచ్చు.

కుర్చీలో కూర్చొని పాదాన్ని మోకాలి మీద పెట్టుకొని, బొటనవేలితో అరికాలిని ఒక్కొక్క చోట నొక్కి చూడండి. రెండవ, మూడవ వేళ్ళ కింద విస్తారంగా నొప్పి ఉండి, అక్కడ చర్మం మందంగా ఆనెకట్టి ఉంటే అది సాధారణంగా భారం వల్ల వచ్చిన నొప్పి. బొటనవేలి కిందనే నొప్పి ఉంటే, ఇందాక చెప్పిన శనగగింజ ఎముకల తాపం కావచ్చు. స్కిప్పింగు ఎక్కువగా చేసేవారిలో, నాట్యం అభ్యసించేవారిలో ఇది కనిపిస్తుంది. మూడవ, నాలుగవ వేళ్ళ మధ్య మంట, విద్యుత్తు తాకినట్లు జిల్లుమనడం, ఆ వేళ్ళు తిమ్మిరెక్కడం, షూ విప్పి రుద్దుకుంటే హాయిగా ఉండడం – ఇవి నాడి ఒత్తిడి లక్షణాలు. దీనిని 1876లో అమెరికా వైద్యుడు థామస్ జార్జ్ మోర్టన్ వర్ణించాడు కనుక మోర్టన్ న్యూరోమా అంటారు. బొటనవేలి కంటే రెండవ వేలు పొడవుగా కనిపించే పాదానికీ మోర్టన్ పేరే ఉంది గాని, ఆయన డడ్లీ మోర్టన్ అనే మరో వైద్యుడు. వైద్య విద్యార్థులను తికమక పెట్టడానికే ఇద్దరు మోర్టన్లు పుట్టారని మేము చదువుకునే రోజుల్లో నవ్వుకునేవాళ్ళం.

ఇక జాగ్రత్తగా చూడవలసినది పాదం పై భాగం. పైనుంచి ఎముక మీద వేలితో నొక్కినప్పుడు ఒకే ఒక చోట, నాణెమంత స్థలంలో తీవ్రమైన నొప్పి ఉండి, పైన వాపు కనిపించి, పరుగు మొదలు పెట్టిన కొద్దీ నొప్పి పెరుగుతూ, చివరకు మామూలు నడకలోనూ రాత్రి పడుకున్నప్పుడూ బాధిస్తుంటే, స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను అనుమానించాలి. ఇక్కడ ఒక ముఖ్య విషయం. మొదటి రెండు మూడు వారాలలో తీసిన ఎక్స్-రేలో ఈ చీలిక కనిపించకపోవచ్చు. ‘ఎక్స్-రే నార్మల్’ అన్న కాగితం పట్టుకొని మరునాడు పరుగెత్తిన యువకుడు నెల తరువాత విరిగిన ఎముకతో రావడం నా ఉద్యోగకాలంలో ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు ఎక్స్-రే కంటే వేలికొసకే ఎక్కువ విలువ ఇవ్వాలి. అవసరమైతే ఎం.ఆర్.ఐ. చేస్తారు. లేదా ఎముక విరిగిందనుకొనే విశ్రాంతినిచ్చి, రెండు మూడు వారాల తరువాత మళ్ళీ ఎక్స్-రే తీస్తారు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలలో అది కట్టుకుంటుంది. చిటికెనవేలి వైపు ఎముక మొదట్లో వచ్చే చీలిక మాత్రం త్వరగా అతకదు. దానిని ఎముకల వైద్యునికి చూపించక తప్పదు.

“పరీక్ష పదిహేను రోజుల్లో ఉంది, ఇప్పుడు ఆగితే ఉద్యోగం పోతుంది కదా?” అని అడిగే యువకునికి ఏమి చెప్పాలి? ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయడం నాకు ఇష్టం లేదు. తల్లిదండ్రులు కూలి చేసి చదివించిన బిడ్డకు ఆ ఉద్యోగం జీవితం. నా జవాబు నొప్పి స్వభావాన్ని బట్టి ఉంటుంది. అరికాలిలో విస్తారంగా ఉండే భారపు నొప్పి అయితే ఆ పదిహేను రోజులు రోడ్డు పరుగు మానేసి, సైకిలు తొక్కుతూ, ఈత వచ్చినవారు ఈదుతూ ఊపిరిని నిలబెట్టుకోవచ్చు. సైకిలు తొక్కేటప్పుడు పెడలును వేళ్ళ మొదళ్ళతో కాక పాదం మధ్య భాగంతో తొక్కాలి. చివరి వారంలో రెండుసార్లు మట్టి నేల మీద కొద్ది దూరం పరుగెత్తి చూసుకోవచ్చు. పదిహేను రోజులలో ఊపిరి సామర్థ్యం పెద్దగా తగ్గదు. ఎముక మీద ఒకే చోట నొప్పి ఉంటే మాత్రం పరుగెత్తవద్దని చెబుతాను. ఆ పరుగు పూర్తి కాకముందే ఎముక విరిగితే, ఈ నియామకమే కాదు, తరువాతిది కూడా పోవచ్చు.

ఈ సందర్భంలోనే ఇంజక్షన్ల సంగతి చెప్పాలి. పరీక్ష రోజు ఉదయం డైక్లోఫెనాక్ సూది వేయించుకొని మైదానానికి వెళ్ళడం, పల్లెల్లో తెలిసిన ఆర్.ఎం.పి. దగ్గర అరికాలిలోకే స్టెరాయిడు ఎక్కించుకోవడం కొందరికి అలవాటైంది. నొప్పి మందు నొప్పిని తెలియనివ్వదు గాని చీలికను అతికించదు. స్టెరాయిడు సరైన చోట, సరైన కారణానికి, నిపుణుడు ఇస్తే మేలు చేసే మందే. తరచుగా, తప్పు చోట ఇస్తే పాదం కింద ఉండే కొవ్వు దిండును కరిగిస్తుంది, వేలిని పట్టి ఉంచే కణజాలాన్ని తెంపుతుంది. కరిగిన ఆ దిండును తిరిగి మునుపటిలా చేయగల మందు లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ దిండు పోగొట్టుకున్నవాడు మిగిలిన జీవితమంతా గులకరాళ్ళ మీద నడవవలసిందే.

ఇక సాధారణ భారపు నొప్పికి ఉపశమనం ఎలా? మొదట చూడవలసినది చెప్పులు, షూలు. రాత్రి ఒక పాత వార్తాపత్రిక నేల మీద పరచి, దాని మీద నిలబడి, పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీయండి. ఆ గీత మీద మీ షూను పెట్టి చూడండి. గీత షూ అంచుల బయటకు వస్తున్నదంటే మీరు రోజూ మీ ప్రపదాస్థులను బిగించి కడుతున్నారన్నమాట. మన పాదాలు ముందుభాగంలో విశాలంగా ఉంటాయి. చిన్ననాడు చెప్పులు లేకుండా తిరిగినవారిలో మరీను. దుకాణంలో దొరికే అందమైన షూలు చాలావరకు ముందు సన్నగా ఉంటాయి. షూ సాయంకాలం కొనాలి, అప్పటికి పాదం కొంత ఉబ్బి ఉంటుంది. అన్నింటి కంటే పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అటక మీద నుంచి దించిన అన్నగారి పాత షూ, అడుగు అరిగిపోయిన షూ పరుగుకు పనికిరావు. ఖరీదైన కంపెనీ షూ కావాలని నేను అనను. ముందు వెడల్పుగా, అడుగు మందంగా, మధ్యలో సులభంగా మడత పడకుండా ఉంటే చాలు.

రెండవది మెత్త. మందుల దుకాణాల్లో మెటాటార్సల్ ప్యాడు అని చిన్న ఉబ్బెత్తు మెత్తలు దొరుకుతాయి. చాలామంది దానిని నొప్పి ఉన్నచోటనే, సరిగ్గా దాని కిందనే పెట్టుకొని, నొప్పి పెరిగిందని తీసి పారేస్తారు. అది పెట్టవలసినది నొప్పి ఉన్న చోటుకు వెనుక, మడమ వైపు. అప్పుడే ఎముకల కొసలు కొద్దిగా పైకి లేచి భారం వెనుకకు మారుతుంది. చోటు గుర్తించడానికి తేలికైన ఉపాయం ఉంది. నొప్పి ఉన్న బిందువు మీద తడి కుంకుమ పెట్టి, షూ లోపలి అట్ట మీద అడుగు వేయండి. ఎర్రని గుర్తు పడుతుంది. మెత్త ముందు అంచు ఆ గుర్తుకు వెనుక ఉండేలా అంటించండి.

మూడవది పిక్క కండరం. చాలామంది దీనిని గమనించరు. పిక్క బిగుసుకుపోతే చీలమండ తగినంత వంగదు, మడమ ముందుగానే నేల వదిలి లేస్తుంది, భారం ఎక్కువసేపు వేళ్ళ మొదళ్ళ మీద ఉంటుంది. గోడకు ఎదురుగా నిలబడి, చేతులు గోడకు ఆనించి, ఒక కాలు వెనుకకు పెట్టి, మడమ నేలకు ఆనించి ముందుకు వంగండి. ముప్పై సెకన్లు నిలవండి. మోకాలు చాచి మూడుసార్లు, కొద్దిగా వంచి మూడుసార్లు, రోజుకు రెండు పూటలా చేయండి. నేల మీద తువ్వాలు పరచి కాలివేళ్ళతో దగ్గరకు లాక్కోవడం కూడా పాదంలోని చిన్న కండరాలకు మంచి వ్యాయామం.

నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో మంచుగడ్డలను బట్టలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. అవసరమైతే పారాసిటమాల్ చాలు. మిగిలిన నొప్పి బిళ్ళలు మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండ్లు, గుండె జబ్బు ఉన్నవారు, వయసు మళ్ళినవారు తమంతట తాము వాడకూడదు. తిరిగి పరుగు మొదలు పెట్టడానికి ఒక గుర్తు చెబుతాను: అరగంట వేగంగా నడిచినా నొప్పి రానప్పుడు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకగా మొదలు పెట్టండి, అదీ రోజు విడిచి రోజు. పరుగులో కొద్దిపాటి నొప్పి వచ్చి మరునాటి ఉదయానికి పోతే కొనసాగించవచ్చు. మరునాడూ ఉంటే ఒక మెట్టు వెనుకకు దిగాలి.

చెప్పులు లేకుండా పరుగెత్తడం సహజమని, షూలే పాదాలను పాడు చేశాయని వాదించేవారున్నారు. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోము ఒలింపిక్ మారథాన్‌ను వట్టి పాదాలతో గెలిచిన మాట నిజమే. నాలుగేళ్ళ తరువాత టోక్యోలో అదే పరుగును ఆయన షూలు తొడుక్కొని గెలిచాడు. పుట్టినప్పటి నుంచి వట్టి కాళ్ళతో పెరిగిన పాదం వేరు, ఇరవై ఏళ్ళు షూలో పెరిగి నిన్ననే విప్పిన పాదం వేరు. వట్టి పాదంతో పరుగెత్తేటప్పుడు మనిషి సహజంగా మడమకు బదులు ముందుభాగం మీద దిగుతాడు. అప్పటికే అక్కడ నొప్పి ఉన్నవారికి అది మందు కాజాలదు.

పెద్దవారి విషయం వేరుగా చెప్పాలి. వయసుతో పాటు అరికాలి కొవ్వు దిండు పలచబడుతుంది. రోజుకు పదివేల అడుగులు వేయకపోతే నడకే కాదన్న భ్రమ చాలామందిలో ఉంది. ఆ సంఖ్య వైద్య పరిశోధనలో పుట్టలేదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరులో పుట్టింది. పాదం నొప్పి పెడుతున్నప్పుడు నాలుగువేల అడుగులు నడిచినా గుండెకు మేలే. సిమెంటు బాట మీద ఒకేసారి గంట నడిచే బదులు, మట్టి మీద ఇరవై నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు నడవండి.

చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం నొప్పి ఉందని కాదు, నొప్పి లేదని భయపడాలి. వెల్లూరులో కుష్ఠు రోగులకు సేవ చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వారి వేళ్ళు పోవడానికి కారణం వ్యాధి తినివేయడం కాదని, స్పర్శ లేక గాయాలను గుర్తించకపోవడమని లోకానికి చూపించాడు. చక్కెర వ్యాధిలో నాడులు దెబ్బతిన్న పాదానికి జరిగేదీ అదే. పుండు చాలాసార్లు మొదలయ్యేది సరిగ్గా ఈ వేళ్ళ మొదళ్ళ కిందనే, ఆనె కట్టిన చోట. ఆనెను బ్లేడుతో కోసుకోవడం, ఆనె కరిగించే పట్టీలు వేసుకోవడం, స్పర్శ తగ్గిన పాదానికి మంచుగడ్డ లేదా వేడినీళ్ళు పెట్టడం వారికి నిషిద్ధం. బంధువులు ప్రేమతో కొనిచ్చే బొడిపెల అక్యుప్రెషరు చెప్పులు కూడా వారికి వద్దు. కుష్ఠు రోగుల కోసం మన దేశంలో ఏనాటి నుంచో వాడుతున్న ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ఈ పాదాలకూ చక్కగా సరిపోతాయి, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. ఏడాదికి ఒకసారి వైద్యుని చేత సన్నని నైలాను తీగతో చేసే స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. రోజూ నడక ముగిసి ఇంటికి రాగానే అరికాలిని అద్దంలో చూసుకోండి; చూపు సరిగా లేనివారు మనవలను చూడమనండి. ఎరుపు, వేడి, వాపు, చెమ్మ – వీటిలో ఏది కనిపించినా నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.